పైఅంతస్తు వాక్యూమ్ గొంతు

ఆదివారం మా మేడలో వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. మేకు కొట్టకూడదు, బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు, ఖాళీ సీసాలు తీసుకెళ్లి వీధి చివర డబ్బాలో గలగలమని పడేయకూడదు. ఇదంతా మెట్ల మొదట్లో గాజుపలక వెనక అచ్చేసి ఉంది. అచ్చు చదవడం బద్ధకమైనవాళ్ల కోసం కింది వాటాలో షాయ్‌ఫెలె గారు ఉన్నారు.

అటువంటి ఒక ఆదివారం, పప్పులో సేమ్యాలు కలుపుకుని తిని, కుర్చీలో నడుం వాల్చానో లేదో, నా నెత్తిమీద వాక్యూమ్ మొదలైంది.

ఆదివారం పూట మోగిందని నాకేం బాధ లేదు. దేవుడికీ నాకూ మాటలు లేక చాలా కాలమైంది. నన్ను కుర్చీలో కూర్చోనివ్వనిది దాని గొంతు. నేను బడి మధ్యలో వదిలేసి వాక్యూమ్ మిషన్లు బాగుచేసే కొట్టులో చేరాను. ఇప్పుడు ఆ కొట్టు నాదే. మా ఎస్లింగెన్ ఊళ్లో ఇంకా అటువంటి కొట్టు ఒకటి ఉందని చాలామందికి తెలియదు. మిషను మొరాయిస్తే వీధిలో పెట్టి కొత్తది తెచ్చుకుంటారు. మా ఆవిడ కూడా దాదాపు అదే పని చేసింది, అయితే ఆవిడ మిషను బదులు నన్ను పెట్టింది. ఆ సంగతి అలా ఉంచుదాం.

బాగున్న వాక్యూమ్ కడుపులోంచి మాట్లాడుతుంది. నిండుగా, బరువుగా, గాలి లాగుతున్నట్టు తెలుస్తుంది. పైన మోగుతున్నది గొంతు పట్టేసినది. సన్నగా, పైస్థాయిలో, కీ అని ఒకటే ఈల. జనం ఆ శబ్దం విని మిషను బాగా కష్టపడుతోంది అనుకుంటారు. కష్టం లేదు, పాడూ లేదు. ఎక్కడో దారి మూసుకుపోయింది, లాగడానికి గాలి అందక మోటారు ఉత్తినే గింగిరాలు కొడుతోంది. పైగా మోటారును చల్లబరిచేది ఆ గాలే. గాలి లేకపోతే లోపల తీగలు మాడతాయి.

ఇంకో వింత. నేల ఊడ్చే మనిషి అటూ ఇటూ నడవాలి. ఈ శబ్దం నడవడం లేదు. సరిగ్గా నా దీపం పైన ఒకేచోట నిలబడి అరుస్తోంది. కాసేపటికి టక్కున ఆగింది. ఆగగానే పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఈ రొదకు పిల్ల నిద్ర చెడింది పాపం, తల్లికి బుద్ధి లేదు అనుకున్నాను. కొన్ని వారాలుగా ఇదే వరస. ఆగడం, ఏడుపు, మళ్లీ మొదలవడం.

తలుపు తట్టారు. షాయ్‌ఫెలె గారు. షాయ్‌ఫెలె అంటే మా యాసలో బుల్లి పార. పేరుకు తగ్గ మనిషి. ఎవరి గుమ్మం ముందు చెత్త కనిపించినా ఎత్తి తీసుకెళ్లి వాళ్ల చేతుల్లోనే పెట్టే రకం.

"కీజెల్ గారూ, వినబడుతోందా?"

"చెవులున్నాయి కదండీ."

"చెవులుండీ కూర్చున్నారా?"

"ఆదివారం కూర్చోవచ్చనే అనుకున్నాను. అది కూడా మార్చారా?"

ఆవిడ నా వంక చూడలేదు. పైకప్పు వంక చూసింది. మిషను మళ్లీ మొదలైంది.

"అదిగో. ఆ బాల్మర్ అమ్మాయి. మిషన్లు మీ వృత్తి, వెళ్లి మీరు చెప్పండి. నేను చెబితే ముసలిదాని చాదస్తం అంటుంది."

"నేను చెబితే ముసలాడి చాదస్తం అంటుంది. తేడా ఏముంది?"

"మీరింకా ముసలివారు కాలేదు. మొహమే అలా ఉంటుంది."

ఆవిడ గొంతు తగ్గించింది.

"చూడండి. ఇంటాయన ఆ పిల్లను ఇదివరకే ఒకసారి హెచ్చరించాడు. నేను రేపు పొద్దున ఫోన్ చేశానంటే వాటా ఖాళీ చేయమంటాడు. నాకేం సరదా కాదు. చేతిలో పసిగుడ్డు ఉంది, ఈ రోజుల్లో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది దానికి. అందుకే ఇక్కడికొచ్చాను. మీరు ఈరోజు దాన్ని ఆపించండి, నేను ఫోన్ ముట్టుకోను. ఆపించలేదా, ఇంక నా దారి నాది."

ఆ అమ్మాయి మీద జాలితో వెళ్లానని చెప్పను. ఆ మోటారు అలా మాడిపోతుంటే కింద కూర్చుని వినడం నావల్ల కాలేదు. పనిముట్ల సంచీ తీసుకుని మెట్లెక్కాను.

ఇనెస్ బాల్మర్ తలుపు తీస్తూనే పెదాల మీద వేలు పెట్టింది. లోపల మిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, ఈమె నన్ను నిశ్శబ్దంగా ఉండమంటోంది. ముప్పై ఉండవు. తలకు రుమాలు కట్టుకుంది. చొక్కా తిరగేసి తొడుక్కుంది, కుట్లు పైకి కనిపిస్తున్నాయి.

"గట్టిగా మాట్లాడకండి" అని గుసగుసలాడింది.

"ఈ రొదలోనా?"

"రొదకు లేవదు. మాటకు లేస్తుంది."

గది మధ్యలో నేలమీద వాక్యూమ్. దాన్ని ఆనించి పిల్ల తొట్టి. తొట్టిలో పిల్ల రెండు చేతులూ చెవుల పక్కన పడేసుకుని, పిడికిళ్లు వదిలేసి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. మిషను వణుకుతుంటే తొట్టి అంచు సన్నగా వణుకుతోంది. పిల్ల బుగ్గ కూడా.

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్ని వారాలు కింద కూర్చుని తలకిందులుగా విన్నాను.

"కడుపునొప్పట" అంది ఇనెస్, నా చెవి దగ్గర. "మధ్యాహ్నం మొదలుపెడితే ఇంక ఆపదు. డాక్టరు, పెరిగాక పోతుందన్నాడు. సోంపు నీళ్లు పట్టాను, ఎత్తుకుని తిప్పాను, పొట్ట మీద వేడి సంచీ పెట్టాను. ఒకరోజు ఎలాగూ ఏడుస్తోంది కదా, గదైనా ఊడుద్దామని ఇది పెట్టాను. పడుకుంది."

"క్యాసెట్లో ఎక్కించి పెట్టుకోవచ్చు కదండీ. చిన్నగా వినిపించవచ్చు."

"పెట్టాను. మోసం కనిపెట్టేసింది. దీనికి నేల కూడా వణకాలి."

"పేరేంటి?"

"తేయా."

"వాళ్ల నాన్న?"

"స్విస్ కొండల్లో హోటల్లో వంట చేస్తాడు. మంచు సీజన్ అయిపోయాక వస్తాడు."

సీజన్ అయ్యాక వచ్చే మగవాళ్ల గురించి నాకొక అభిప్రాయం ఉంది. అది నా దగ్గరే ఉంచుకున్నాను. షాయ్‌ఫెలె గారి ఫోన్ సంగతి మాత్రం చెప్పాను. దాచి లాభం లేదు. ఆమె విని తలూపింది. బస్సు ఆలస్యమని చెబితే ఊపినట్టు.

"తెలుసు" అంది. "మెట్ల మీద కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. కానీ మిషను ఆపితే పిల్లా పడుకోదు, నేనూ పడుకోను. ఇల్లు పోతుందని భయపడాలన్నా కాస్త నిద్ర ఉండాలి కదండీ."

అంతలో టక్కుమంది. మిషను ఆగిపోయింది.

ఇటువంటి మిషన్లలో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. మోటారు మరీ వేడెక్కితే తనంతట తానే కరెంటు తెంపేసుకుంటుంది. మళ్లీ చల్లబడేదాకా తన్నినా కదలదు. గదిలో ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తరవాత తేయా కళ్లు తెరిచింది. మమ్మల్ని ఇద్దరినీ చూసి, మొహమంతా ముడిచి, మొదలుపెట్టింది.

ఇనెస్ పిల్లను భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. కిటికీ దాకా, మళ్లీ తలుపు దాకా. ఆ దారిలో తివాచీ అరిగిపోయి ఉంది.

"ఇంక అది చల్లారేదాకా ఇంతే" అంది.

"ఇలా ఆగిందంటే మిషను చావుకు దగ్గరైందని అర్థం. మీరు దీన్ని చంపేస్తున్నారు."

"ఇది నన్ను చంపుతోంది. నేను దాన్ని చంపుతున్నాను. ఎవరు ముందో చూద్దాం." నవ్వబోయింది, మధ్యలో ఆవలింత వచ్చి నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడో దారి మూసుకుపోయింది. తీసేస్తే వేడెక్కదు. ఎంతసేపైనా తిరుగుతుంది."

నడుస్తున్నదల్లా నిలబడిపోయింది. "ఎంతసేపైనా?"

"రాత్రి దాకా."

ఆ మొహంలో వెలుగు చూసి, చాలాకాలానికి ఒక మనిషికి పనికొచ్చే మాట చెప్పాననిపించింది నాకు.

నేలమీద పాత పేపరు పరిచి కూర్చున్నాను. ఎప్పుడైనా ముందు సంచీ చూడాలి. మూత తీసి దుమ్ము సంచీ బయటికి లాగాను. సగమే నిండింది. చాలామంది అక్కడే మోసపోతారు. సంచీ నిండలేదు కదా అని మూత పెట్టేస్తారు. వేలితో రుద్దాను, లోపలి కాగితం మీద తెల్లటి పూత. పసిపిల్లల పౌడరు. ఆ మెత్తటి పిండి కాగితపు రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది. సంచీ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం చొరబడదు.

"పౌడరు ఒలికిందా?"

"డబ్బా మొత్తం" అంది ఇనెస్, నడుస్తూనే. "ఒక రాత్రి చేయి తగిలి పడింది. దీంతోనే ఊడ్చేశాను."

"తడిగుడ్డతో తుడవాల్సింది."

"తుడవాల్సింది. ఆ రాత్రి తడిగుడ్డ ఎక్కడుందో కూడా గుర్తు లేదు నాకు."

ఆమె వంటింటి సొరుగులో కొత్త సంచీ ఉంది. వేశాను. మోటారు ముందు ఉండే పలచటి స్పాంజి ఫిల్టరు తీశాను. కంబళి ముక్కలా బూడిద రంగుకు తిరిగింది. కిటికీలోంచి దులిపేవాణ్ణే, కింద ఎవరున్నారో గుర్తొచ్చి పేపరు మీదే మెల్లగా తట్టాను. తరవాత గొట్టం. రెండు చివర్లూ పట్టుకుని వెలుతురు వైపు పెట్టి చూడాలంటే ఈ గొట్టం మెలికలు తిరిగి ఉంది, కుదరదు. జేబులో గుండీ ఒకటి ఉంటే పైచివర వదిలి గొట్టం ఎత్తి ఊపాను. గలగలమంటూ దొర్లి కింద పడింది. గొట్టం బాగానే ఉంది. మిగిలింది చేత్తో పట్టుకునే వంపు. దాంట్లో గుండీ వేశాను. వేసింది రాలేదు.

ఎప్పుడూ అక్కడే. దూరం దూరం ప్రయాణం చేసి వచ్చిన చెత్త అంతా ఆ మలుపులో చతికిలబడుతుంది.

వంచిన తీగ లోపలికి పంపి తిప్పి లాగాను. ముందు నా గుండీ వచ్చింది. తరవాత కొంచెం మొండికేసి, ఒక్కసారిగా ఊడి చేతిలో పడింది. బట్టలకు పెట్టే చెక్క క్లిప్పు, విరిగినది. ఆ వంపులో అడ్డంగా ఇరుక్కుంది. దాని చుట్టూ జుట్టు. మోచేతి పొడుగు వెంట్రుకలు, గోధుమ రంగువి, దూదితోనూ పౌడరుతోనూ కలిసి మెత్తటి చుట్టలా పెనవేసుకుపోయాయి.

ఇనెస్ చేయి తల రుమాలు మీదికి వెళ్లింది.

"అవి నావే" అంది. "పిల్ల పుట్టాక రాలుతున్నాయి. పొద్దున లేచి తలగడ చూస్తే, ఎవరో పక్కన పడుకుని లేచి వెళ్లినట్టుంటుంది."

నేను ఆ చుట్టను పేపరు అంచున పెట్టాను. మామూలుగా అయితే ఇటువంటివి పనికిరాని డబ్బాలోకి విసిరేస్తాను. ఎందుకో విసరలేదు.

"మళ్లీ వస్తాయంటారు" అంది.

"వస్తాయి."

జుట్టు గురించి నాకు తెలిసిందల్లా గొట్టాల్లో ఇరుక్కునేది. అయినా వస్తాయి అనే అన్నాను.

అన్నీ బిగించేసరికి మోటారు చల్లబడింది. తేయా కూడా ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లలోకి దిగింది. ఇనెస్ పిల్లను తొట్టిలో పడుకోబెట్టి, తొట్టిని మిషనుకు ఆనించి, నా వంక చూసింది. స్విచ్చి నొక్కాను.

ఏం చెప్పమంటారు. నిండు గొంతుతో, కడుపులోంచి, బరువుగా లేచింది. మూతిని తివాచీ మీద పెడితే తివాచీ పైకి లేచి అతుక్కుంది. కొత్తగా కొన్నప్పుడు కూడా అంత బాగా పాడి ఉండదు. తలెత్తి ఇనెస్ వంక చూశాను, మెప్పు కోసమే అనుకోండి.

తేయా ఒక్క క్షణం ఆలకించింది. కింది పెదవి బయటికి వచ్చింది. తరవాత ఇందాకటి ఏడుపు ఏడుపే కాదన్నట్టు అందుకుంది.

"ఏం చేశారండీ?" అంది ఇనెస్.

"బాగుచేశాను."

"బాగుచేసి ఏం చేశారు?"

"దారి శుభ్రమైంది. ఇంక వేడెక్కదు."

"అది కాదు. ఇది వేరే మిషను. దీని గొంతు వేరే." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు బాగుండేది. "పిల్ల రోజూ వినేది ఇది కాదు కదండీ. ఆ కీ అనేది. అదే దాని పాట."

ఆపేశాను. ఆపినా లాభం లేదు, పిల్ల ఆగలేదు. ఇనెస్ సోఫా పక్కన నేలమీద కూర్చుంది. పిల్లను ఎత్తి నాకేసి చాపింది.

"ఇంక నావల్ల కాదు" అంది. పాలు అయిపోయాయి అని చెప్పినట్టు చెప్పింది. "కొంచెం పట్టుకోండి."

పట్టుకున్నాను. పిల్లల్ని ఎత్తుకున్న అలవాటు నాకు లేదు. బరువు ఎటు ఉందో తెలియని మిషనులా ఉంది. ఒక చేయి తల కిందా ఒక చేయి కింద భాగానా పెట్టి ఎటూ కదలకుండా నిలబడ్డాను. నా చేతుల్లో ఆ చిన్న ఒళ్లు ప్రతి ఏడుపుకూ బిగుసుకుని వదులవుతోంది. కిందినుంచి విన్నప్పుడు ఏడుపంటే శబ్దం. చేతుల్లో ఉన్నప్పుడు మొత్తం మనిషే అది.

తలుపు గంట మోగింది. షాయ్‌ఫెలె గారు. నేను మోచేత్తో గడియ తీశాను.

"వాక్యూమ్ ఆగింది. మంచిది" అంది. "మరి ఇదేంటి?"

"పిల్ల."

"కనిపిస్తోంది. ఏడవచ్చు. ఏడుపు గురించి నియమాల్లో ఏమీ లేదు." అని లోపలికి తొంగి చూసింది. నేలమీద సోఫాకు జారగిలబడి, కళ్లు తెరిచే ఉండి, ఎక్కడా చూడని ఇనెస్ కనిపించింది ఆవిడకు.

"ఈ అమ్మాయి చివరగా ఎప్పుడు పడుకుంది?" అని నన్ను అడిగింది.

"నేనడగలేదండీ."

"అడగాలి కదా. ఇలా ఇవ్వండి దాన్ని."

పిల్లను తీసుకుంది. భుజం మీద వేసుకుంది, ఒళ్లో బోర్లా పడుకోబెట్టింది, వీపు నిమిరింది, పాత పాట ఏదో గొణిగింది. నలుగురిని పెంచిన చేతులు, పని తెలిసిన చేతులే. తేయాకు అవేం పట్టలేదు. ఆవిడ మొహంలో మొహం పెట్టి మరీ అరిచింది.

"నన్ను కూడా లెక్కచేయడం లేదు ఇది" అంది షాయ్‌ఫెలె గారు.

"మన మేడలో మొదటి మనిషి."

ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకో రోజైతే నన్ను మెట్ల మీంచి దించేసేది. ఈసారి ఊరికే తల దించుకుని, "మరి ఏది పెడితే పడుకుంటుంది?" అంది.

జరిగింది చెప్పాను. రొద పిల్లను లేపడం లేదు, పడుకోబెడుతోందని. ఆ రొదను నేనే ఇప్పుడు పాడుచేశానని. ఆవిడ విన్నది. ఇనెస్ వంక ఇంకోసారి చూసింది. పిల్ల ఏడుపు ఆగలేదు.

నేను పేపరు దగ్గర కూర్చుని ఆ జుట్టు చుట్టను చేతిలోకి తీసుకున్నాను.

ఇన్నేళ్లలో నేను మిషన్లలోంచి తీసినవి ఒక గోదాము నిండుతాయి. సాక్సులు, చెవిపోగులు, దేవదారు ముళ్లు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు. పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఆ చెక్క క్లిప్పును వంపులో అడ్డంగా దించడానికి వేళ్లు మొరాయించాయి.

"ఏం చేస్తున్నారు?" అంది షాయ్‌ఫెలె గారు.

"చెడగొడుతున్నాను."

"ఆదివారం నాడా?"

"చెడగొట్టడం గురించి కూడా నియమాల్లో లేదండీ. మోగించడం గురించే ఉంది." స్విచ్చి మీద చేయి పెట్టి ఆగాను. "నొక్కమంటారా?"

ఆవిడ పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. గది నలుమూలలా చూసింది, ఎవరైనా వేరేవాళ్లు జవాబు చెబుతారేమో అన్నట్టు.

"ముందు కిటికీ మూయండి" అంది.

మూసి, నొక్కాను. గొంతు కొంచెం బిగిసింది గాని ఇంకా లావుగానే ఉంది. తేయా ఏడుపు ఒక క్షణం తగ్గించి, అనుమానంగా విని, మళ్లీ అందుకుంది. ఆపి, వంపు ఊడదీసి, క్లిప్పును ఇందాక ఉన్న తీరుకు తిప్పాను. ఇప్పుడు గొంతు సన్నబడింది, అయినా ఆ కీ రాలేదు. మళ్లీ తీశాను. చుట్టలోంచి పేపరు మీద రాలిన వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరి మళ్లీ దానికి చుట్టాను. ఒక పాయ తక్కువైంది. చుట్టుపక్కల చూస్తుంటే, నేలమీద కూర్చునే ఇనెస్ తన రుమాలు వదులు చేసి, తలను చేత్తో దువ్వి, ఊడి వచ్చిన పోగు నా చేతిలో పెట్టింది. అది కూడా చుట్టాను.

ఈసారి కీ అంది.

తేయా ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది, నోరు ఇంకా తెరిచే ఉంది. షాయ్‌ఫెలె గారు ఊపిరి బిగబట్టి మెల్లగా వంగి పిల్లను తొట్టిలో దించింది. పిల్ల రెండు సార్లు వెక్కింది. కళ్లు మూతలు పడ్డాయి. పిడికిళ్లు విడిపోయాయి.

వెనక్కి తిరిగి ఇనెస్‌కు చెప్పబోయాను. ఆమె అప్పటికే నేలమీదే ఒరిగి నిద్రపోయింది, చెంప కింద చేయి కూడా పెట్టుకోకుండా. షాయ్‌ఫెలె గారు తన ఉన్ని స్వెట్టరు విప్పి ఆమె మీద కప్పింది. సోఫా మీది దిండు తీసి తల కిందికి తోసింది. తరవాత నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది.

నా పని ఇంకా అయిపోలేదు. మిషను మూత మీద అరచేయి పెట్టాను. వేడి మొదలైంది. ఆ గొంతుతో తిరిగితే మళ్లీ టక్కుమంటుంది. టక్కుమంటే ఇద్దరూ లేస్తారు. గొంతు మార్చితే పిల్ల లేస్తుంది. మార్చకపోతే మిషను ఆగుతుంది. రెంటి మధ్యా ఎంత సందు ఉందో నాకు తెలియదు.

చేత్తో పట్టుకునే వంపు మీద ఒక చిన్న జారుడు మూత ఉంటుంది. తెరలూ అవీ ఊడ్చేటప్పుడు లాగుడు తగ్గించడానికి దాన్ని కాస్త తెరుస్తారు. తెరిస్తే బయటి గాలి లోపలికి పోతుంది. ఇనెస్ దానిమీద బ్యాండేజీ పట్టీ అతికించి మూసేసింది, ఎప్పుడో అది ఈల వేసి ఉంటుంది. గోటితో పట్టీ అంచు లేపి ఊడబీకాను. మూతను వెంట్రుక వాసి జరిపాను.

గొంతు ఒక్క పోగు దిగింది. నాకు తప్ప ఎవరికీ తెలియనంత. తేయా కనుబొమల మధ్య ముడి పడింది. నేను కదల్లేదు. షాయ్‌ఫెలె గారు కదల్లేదు. ముడి మెల్లగా విడిపోయింది. మళ్లీ వెంట్రుక వాసి.

ఇలా ఉండగా పక్క వాటా గోడ మీద దబదబా కొట్టారు. ఓట్ అని, రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి. షాయ్‌ఫెలె గారు లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి వెళ్లింది. తలుపు పూర్తిగా మూయకపోవడం వల్ల నాకు వినిపించింది.

"ఓట్ గారూ, ఆదివారం పూట గోడలు బాదుతారేంటండీ?"

"గోడలా? వాళ్లు వాక్యూమ్..."

"వాక్యూమ్ సంగతి నేను చూసుకుంటున్నాను. మీరు గోడ సంగతి చూడండి. కింద అచ్చేసి పెట్టింది చదివారా ఎప్పుడైనా?"

"మీరే కదండీ పోయిన వారం..."

"పోయిన వారం పోయింది. పసిపిల్ల పడుకుంది, తల్లి పడుకుంది. రేడియో ఉంటే పెట్టుకుని వినండి. సన్నగా."

తలుపు మూసుకుంది. ఆవిడ వచ్చి మళ్లీ కుర్చీ అంచున కూర్చుని, చెప్పులు ఒళ్లో పెట్టుకుంది.

మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్లుగా మెట్ల మీద తగువులాడుకున్న మనుషులం, అంతసేపు ఒక గదిలో ఊరికే కూర్చోవడం అదే మొదలు. నేను చేయి మిషను మీద ఉంచి వేడి చూస్తున్నాను, ఆవిడ పిల్ల కనుబొమలు చూస్తోంది. వేడి పెరిగినట్టనిపిస్తే నేను ఆవిడ వంక చూస్తాను. ఆవిడ పిల్ల వంక చూసి, పర్వాలేదన్నట్టు తలాడిస్తే, జారుడు మూత ఇంకో వాసి జరుపుతాను. పిల్ల ముక్కు ఎగరేస్తే ఆవిడ అరచేయి ఎత్తుతుంది. నేను ఆగుతాను. ఒకసారి తొందరపడి ఎక్కువ తెరిచాను. గొంతు గుప్పున లావైంది, తేయా కాళ్లు తన్నింది. వెంటనే వెనక్కి మూసి, ఊపిరి తీయకుండా ఉండిపోయాను. ఆవిడ కళ్లతోనే నన్ను తిట్టింది. నాకు దక్కాల్సిందే.

కిటికీలో వెలుతురు గోడ మీంచి తివాచీ మీదికి దిగింది. కీ అన్నది కూ అయింది, కూ అన్నది మెల్లమెల్లగా కడుపులోకి జారింది. వెంట్రుక వాసి, మళ్లీ వెంట్రుక వాసి. ఎప్పుడు దాటామో నాకూ తెలియలేదు. జారుడు మూత పూర్తిగా తెరిచి ఉంది, మిషను సుఖంగా, నిండుగా తిరుగుతోంది, నా అరచేతి కింద మోటారు చల్లబడుతోంది. ఇందాక ఏ గొంతుకు పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చిందో అదే గొంతుకు చొంగ కార్చుకుంటూ పడుకుంది.

చర్చి గంటలు మోగాయి. సాయంత్రమైంది. ఈ మేడలో ఆదివారం వాక్యూమ్ ఇంతసేపు ఎప్పుడూ తిరిగి ఉండదు. ఇంక చాలు, పిల్ల గాఢ నిద్రలో ఉంది, నియమం నియమమే, ఈవిడ మాత్రం ఎంతసేపు ఓర్చుకుంటుంది అనుకుని స్విచ్చి మీద బొటనవేలు పెట్టాను.

షాయ్‌ఫెలె గారు కుర్చీలోంచి వంగి నా మణికట్టు పట్టుకుంది. నేను తొట్టి వైపు చూశాను. ఆవిడ అటు చూడడం లేదు. గడ్డంతో నేలమీద ఇనెస్‌ను చూపించింది. స్వెట్టరు కింద ముడుచుకుని, రుమాలు జారిపోయి, మొహం మొత్తం వదిలేసి పడుకుంది ఆ అమ్మాయి. మిషను హోరుకు ఆమె వేళ్లు నేలమీద సన్నగా వణుకుతున్నాయి.

"ఇంకాసేపు తిరగనివ్వండి" అంది ఆవిడ, శబ్దం లేకుండా, పెదాలతో.

నేను వేలు తీసేశాను.